నది ఒడ్డు చిన్న ఊళ్లో పాత కట్టడాలు, మ్యూజియంలు చూడటం ఎలా: అడుగడుగునా ఒక మార్గదర్శి

నది ఒడ్డున ఉన్న చిన్న ఊళ్లో దిగగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న "మ్యూజియం ఎక్కడ?" అని. మొదట అడగాల్సింది "పాత రేవు ఎక్కడ?" అని నా గట్టి నమ్మకం. ఇలాంటి ఊళ్లు చాలావరకు రోడ్డు వల్ల పుట్టలేదు, పడవల వల్ల పుట్టాయి. సరుకు, సైన్యం, యాత్రికులు, కబుర్లు అన్నీ నీళ్ల మీదుగానే వచ్చేవి. తర్వాత రైలు వచ్చింది, రోడ్డు వచ్చింది. మనం ఊళ్లోకి పెరటి వైపు నుంచి రావడం మొదలుపెట్టాం. అలా వచ్చి, వీధి గుమ్మం చూడకుండానే తిరిగి వెళ్లిపోతున్నాం.

లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో 1904లో కట్టిన రాజభవనం మెకాంగ్ నది ఒడ్డున ఉంటుంది. పడవలో వచ్చే అతిథులు ఒడ్డున దిగి నేరుగా భవనానికి రావడానికి వీలుగా ఆ చోటు ఎంచుకున్నారు. ఇప్పుడది మ్యూజియం, సందర్శకులేమో వీధి వైపు నుంచి వస్తారు. ఒకసారి వెనక్కి వెళ్లి నది వైపు చూస్తే తప్ప ఆ భవనం అక్కడెందుకు ఉందో అర్థం కాదు. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది: ముందు నది, తర్వాత మ్యూజియం, ఆ తర్వాత కట్టడాలు, చివరికి మళ్లీ మ్యూజియం.

1. బయల్దేరే ముందు: తెరిచి ఉంటుందా?

చిన్న ఊరి మ్యూజియం పెద్ద నగరాల మ్యూజియంలా ఉండదు. చాలాచోట్ల ఒకరిద్దరు ఉద్యోగులు లేదా స్వచ్ఛందంగా పనిచేసే పెద్దవాళ్లు నడుపుతుంటారు. వారంలో రెండు మూడు రోజులే తెరవచ్చు. చలికాలమంతా మూసేయవచ్చు. వరద వస్తే కింది అంతస్తులోని వస్తువులన్నీ పైకి చేర్చి నెలల తరబడి తలుపులు వేసేయవచ్చు. మ్యాప్‌లో "తెరిచి ఉంది" అని చూపించినంత మాత్రాన నమ్మకండి. నేను ఒకసారి అలా నమ్మి, నాలుగు గంటలు ప్రయాణం చేసి, తాళం వేసిన తలుపు చూసి వచ్చాను. అప్పటినుంచి ముందు రోజు ఫోన్ చేయనిదే బయల్దేరను.

సెలవు రోజు దేశాన్ని బట్టి మారుతుంది. యూరప్‌లో చాలా మ్యూజియంలకు సోమవారం సెలవు. మన భారత పురావస్తు శాఖ మ్యూజియంలకు శుక్రవారం సెలవు. ఫోన్ చేసినప్పుడు సమయాలతో పాటు ఈ నాలుగూ అడగండి: చివరి టికెట్ ఎప్పుడు ఇస్తారు, ఒకే టికెట్‌తో కట్టడాలూ చూడవచ్చా, అదే టికెట్‌తో సాయంత్రం మళ్లీ లోపలికి రావచ్చా, గైడ్ ఎవరైనా ఉంటారా. మూడో ప్రశ్న చాలా ముఖ్యం, ఎందుకో ముందు ముందు చెబుతాను. వియత్నాంలోని హోయ్ ఆన్ లాంటి చోట్ల ఒకే టికెట్‌తో పాత ఇళ్లు, మ్యూజియంలలో కొన్నింటిని మనమే ఎంచుకుని చూసే పద్ధతి ఉంది. అలాంటి చోట ఏవి చూడాలో ముందే అనుకోకపోతే మొదట కనిపించినవాటికే టికెట్ ఖర్చయిపోతుంది.

ఇంకొక్క మాట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు మీతో ఉంటే మెట్ల సంగతి కచ్చితంగా అడగండి. పాత ఇంట్లో పెట్టిన మ్యూజియంకి లిఫ్ట్ ఉండటం అరుదు.

2. రెండు మ్యాప్‌లు పక్కపక్కన పెట్టండి

ఒకటి ఇప్పటిది, ఇంకొకటి దొరికినంత పాతది. చాలా దేశాల జాతీయ గ్రంథాలయాలు పాత సర్వే మ్యాప్‌లను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడనిస్తున్నాయి. రెండింటినీ చూస్తూ మూడు విషయాలు గమనించండి. నది అప్పుడున్న చోటే ఇప్పుడూ ఉందా? వంతెన రాకముందు ఎక్కడ దాటేవారు? రైలు పట్టాలు పాత ఊరిని ఎక్కడ కోశాయి?

ఊరి పేరు కూడా ఒక చిన్న మ్యాపే. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్, ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ పేర్ల చివర ఉన్న మాటకు నదిని నడిచి దాటే చోటని అర్థం. అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీ పేరులో బల్లకట్టు ఉంది. ఇంగ్లండ్‌లో సెవర్న్ నది మీద ఇనుప వంతెన కట్టాక దాని చుట్టూ పెరిగిన ఊరికి ఐరన్‌బ్రిడ్జ్ అనే పేరే వచ్చింది. వీధుల పేర్లూ అంతే. ఉప్పు, తోళ్లు, తాళ్లు, చేపలు అనే మాటలు వీధి పేర్లలో కనిపిస్తే రాసుకోండి. అక్కడ ఇప్పుడు ఏమీ లేకపోయినా ఒకప్పటి పని ఏమిటో తెలిసిపోతుంది.

3. పొద్దున్నే నది వెంట గంటన్నర

నా దృష్టిలో రోజు మొత్తంలో ఎక్కువ నేర్పేది ఈ నడకే. మ్యూజియం తెరవడానికి ముందే దీన్ని పూర్తి చేయండి.

మొదట నది ఎటు పారుతోందో చూసి, అటే ముఖం పెట్టి నిలబడండి. మీ ఎడమచేతి వైపుది ఎడమ గట్టు, కుడిచేతి వైపుది కుడి గట్టు. పుస్తకాలు, బోర్డులు అన్నీ ఈ లెక్కతోనే చెబుతాయి. ఇది తెలియక ఎదురొడ్డున ఉన్న కోట కోసం ఈ ఒడ్డున వెతికేవాళ్లు ఎందరో.

తర్వాత వంపు చూడండి. నది మలుపు తిరిగే చోట బయటి వైపు గట్టును నీళ్లు కోస్తుంటాయి, అక్కడ లోతు ఎక్కువ. లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది, అక్కడ లోతు తక్కువ. సరుకు పడవ ఒడ్డుకు ఆనుకోవాలంటే లోతు కావాలి కాబట్టి పాత రేవులు తరచు బయటి వంపున ఉంటాయి. పడవలు కట్టేసే ఇనుప కడియాలు, తాళ్లు ఒరుసుకుని గాడి పడిన రాళ్లు, నీళ్లలోకి దిగిపోయే మెట్లు, పైకప్పు కింద సరుకు లాగే దూలం పొడుచుకొచ్చిన గోదాములు. వీటికి బోర్డులు ఉండవు, మన కళ్లే వెతుక్కోవాలి.

రేవు నుంచి పైకి ఎక్కుతూ వెళ్తే ఊరు పొరలు పొరలుగా కనిపిస్తుంది. నీటి అంచున గోదాములు, కాస్త పైన వర్తకుల ఇళ్లు, వరద అందని ఎత్తులో గుడి, చర్చి, కోట వంటివి. తోళ్ల పని, రంగుల అద్దకం లాంటి మురికి నీళ్ల పనులు సాధారణంగా ఊరికి దిగువన ఉండేవి. ఎవరు ఎంత ఎత్తులో ఉండేవారన్నది డబ్బు, హోదా చెప్పే లెక్క కూడా. పేదల ఇళ్లు లోతట్టున ఉండేవి, వరద ముందు వాళ్లనే ముంచేది. అందుకే కోటలు మిగిలాయి, ఆ ఇళ్లు మిగల్లేదు. మ్యూజియంలో పళ్లేలు, కత్తులు చూసేటప్పుడు ఈ మాట మర్చిపోవద్దు.

ఇక వరద గుర్తులు. గోడ మీద ఒక అడ్డగీత, దాని పక్కన సంవత్సరం. జర్మనీలోని పాసౌలో డాన్యూబ్, ఇన్, ఇల్జ్ మూడు నదులూ కలుస్తాయి. అక్కడి పాత టౌన్‌హాల్ గోడ మీద శతాబ్దాల వరద గుర్తులు ఒకదాని పైన ఒకటి ఉన్నాయి. 2013 జూన్‌లో నీళ్లు 12.89 మీటర్లకు చేరాయి. 1501 తర్వాత ఆ ఊరు అంత ఎత్తు వరద చూడలేదు. ఇలాంటి గోడ దొరికితే దాని పక్కన నిలబడి, ఏ ఏడాది నీళ్లు మీ మోకాలి దాకా, ఏ ఏడాది మీ తల మీదుగా వెళ్లేవో చూసుకోండి. తర్వాత ఊళ్లో ఏ భవనం మీద కట్టిన సంవత్సరం కనిపించినా ఈ తేదీలతో పోల్చండి. పెద్ద వరద వచ్చిన మరుసటి ఏళ్లలో కట్టినవి చాలా ఉంటే ఊరు మళ్లీ ఎలా లేచిందో అర్థమవుతుంది.

జాగ్రత్త కూడా చెప్పాలి. నీటి అంచు మెట్ల మీద పాచి ఉంటుంది, ఆఖరి రెండు మెట్లూ దిగకండి. ఎగువన డ్యామ్ ఉంటే ఎండ కాస్తున్న రోజున కూడా నీటిమట్టం ఒక్కసారిగా పెరగవచ్చు. హెచ్చరిక బోర్డును ఫొటో తీసి ఊరుకోకుండా చదవండి.

4. మ్యూజియం: మొదటిసారి గంట చాలు

బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లో "మ్యూజియం అలసట" గురించి రాశారు. అద్దాల పెట్టెల్లోకి వంగి, మెడ సాచి, మోకాళ్లు మడిచి చూసే మనిషి పాట్లను ఫొటోలు తీయించి మరీ చూపించారు. అంటే అలసట మీ ఆసక్తిలో లోపం కాదు, వస్తువులు పెట్టిన తీరుకీ అందులో భాగం ఉంది. అందుకే అన్నీ చూడాలన్న టెన్షన్ వదిలేయండి.

లోపలికి వెళ్లగానే ఊరి నమూనా బొమ్మ, పాత ఫొటోలు, పాత పటం ఎక్కడున్నాయో అడిగి అక్కడికే వెళ్లండి. పొద్దున నడిచిన దారిని వాటి మీద వేలితో గీసుకోండి (అద్దానికి కాస్త దూరంగా). తర్వాత మొత్తం గదులన్నీ ఆగకుండా ఒక చుట్టు తిరిగి, మనసు లాగిన అయిదు వస్తువులు ఎంచుకోండి. మిగతా సమయం వాటికే.

ఒక వస్తువును ఎలా చూడాలి? లేబుల్ చదవకముందు రెండు నిమిషాలు వస్తువునే చూడండి. దేనితో చేశారు, ఎక్కడ అరిగింది, ఎక్కడ అతికించారు, ఏ చేత్తో పట్టుకునేవారు. అరుగుదల అబద్ధం చెప్పదు. ఆ తర్వాత లేబుల్. అందులో మూడు మాటల కోసం వెతకండి. మొదటిది, ఎక్కడ దొరికింది. తవ్వకంలో ఫలానా పొరలో దొరికిన కుండపెంకు, ఎవరో ఇచ్చిన బంగారు గొలుసు కన్నా ఎక్కువ చెప్పగలదు. రెండోది, అసలుదా, నకలా. నకలైతే అసలుది ఎక్కడుంది? మూడోది, మూలన చిన్నగా రాసిన నంబరు. చాలా మ్యూజియంలలో 1987.4.12 లాంటి నంబరు ఉంటే 1987లో చేరినవాటిలో నాలుగో విడత, అందులో పన్నెండో వస్తువు అని అర్థం. ఒకే గదిలో ఒకే ఏడాది నంబర్లు గుంపుగా కనిపిస్తే ఆ ఏడాది ఏం జరిగిందో అడగండి. పాత ఇల్లు కూల్చారేమో, నదిలో పూడిక తీశారేమో, ఎవరైనా తమ సేకరణంతా ఇచ్చేశారేమో. ఈ ప్రశ్నకు టికెట్ కౌంటర్‌లోని పెద్దాయన ముఖం వెలిగిపోవడం నేను చూశాను. మరో అరగంట ఆయనే గైడ్ అయ్యారు.

గది చీకటిగా ఉందని విసుక్కోకండి. పాత బట్టలు, కాగితాలు, నీటిరంగుల బొమ్మలు వెలుతురుకు శాశ్వతంగా వెలిసిపోతాయి. అందుకే వాటి దగ్గర వెలుగును 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) చుట్టుపక్కలే ఉంచుతారు. రెండు నిమిషాలు నిలబడితే కళ్లు అలవాటు పడతాయి. ఫ్లాష్ వద్దు. ఫొటో తీయనిస్తే వస్తువుకొక ఫొటో, దాని లేబుల్‌కొక ఫొటో తీసుకోండి, రెండోది లేకపోతే మొదటిదానికి విలువ లేదు.

5. కట్టడాల దగ్గర అడగాల్సిన ప్రశ్నలు

మ్యూజియం నుంచి బయటికి రాగానే అక్కడ చూసిన పాత ఫొటో ఒకటి పట్టుకుని అదే చోట నిలబడి చూడండి. కిటికీల వరస, కప్పు వాలు, వెనక కొండ గీత సరిపోయేదాకా అటూ ఇటూ జరగండి. సరిపోయాక ఏం మారిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మొదటి ప్రశ్న: ఈ కట్టడం మొదట ఇక్కడే ఉండేదా? ఇది వింతగా అనిపించవచ్చు. పొటోమాక్, షెనాండోవా నదులు కలిసే హార్పర్స్ ఫెర్రీలో 1859 అక్టోబర్‌లో జాన్ బ్రౌన్ బానిసత్వం మీద తిరుగుబాటు లేపాలని ఆయుధాగారం మీద దాడి చేశాడు. చివరికి అక్కడి అగ్నిమాపక యంత్రాల గదిలో చిక్కి పట్టుబడ్డాడు. ఆ చిన్న ఇటుకల గదిని 1891లో విప్పి షికాగో ప్రదర్శనకు తీసుకెళ్లారు. 1895లో తెచ్చి దగ్గర్లోని ఒక పొలంలో నిలబెట్టారు. 1909లో ఒక కాలేజీ ఆవరణకు మార్చారు. 1968లో మళ్లీ కింది ఊరికి చేర్చారు. అయినా అసలు చోటికి చేరలేదు, అక్కడ రైలు కట్ట వచ్చేసింది. అసలు చోటు దగ్గర ఒక స్తంభం మాత్రం ఉంది. గది ముందు ఫొటో దిగే జనం చాలామంది ఆ స్తంభం దాకా వెళ్లరు. వెళ్లి, అక్కడి నుంచి నదినీ పట్టాలనూ చూస్తే, అతను తప్పించుకోలేనంతగా ఎలా ఇరుక్కుపోయాడో తెలుస్తుంది.

రెండో ప్రశ్న: దీన్ని కట్టినవాళ్లకు అంతకు ముందు ఏం కట్టడం వచ్చు? ఐరన్‌బ్రిడ్జ్‌లోని వంతెనను 1779లో ఇనుప పరిశ్రమ నడిపిన అబ్రహాం డార్బీ మనవడు, అదే పేరున్న మూడో అబ్రహాం డార్బీ నిలబెట్టాడు. 1781 కొత్త సంవత్సరం రోజున రాకపోకలు మొదలయ్యాయి. పడవలకు అడ్డు రాకుండా ఒకే అంగలో, దాదాపు 30 మీటర్ల వెడల్పున నదిని దాటుతుంది. దగ్గరికెళ్లి అతుకులు చూడండి. ఇనుప వంతెనే కానీ, వడ్రంగులు చెక్కలో చేసే కుసులు (పొడుచుకొచ్చే కొనలు), వాటిని దూర్చే గాడులు, చీలలతో ముక్కలు కలిపారు. అంత పెద్ద ఇనుప వంతెన అంతకు ముందు లేదు కాబట్టి తెలిసిన విద్యనే కొత్త లోహంలోకి తెచ్చుకున్నారు. 1795లో వచ్చిన పెద్ద వరద సెవర్న్ మీది చాలా వంతెనలను దెబ్బతీసింది, దీనికి మాత్రం ఏమీ కాలేదు. అక్కడి సుంకం బోర్డు కూడా వదలకండి. సైనికులే కాదు, రాజకుటుంబం దాటినా సుంకం కట్టాల్సిందే అని దాని మీద ఉంది.

మూడో ప్రశ్న: ఈ కథ ఎవరు చెబుతున్నారు? కావేరి మధ్య లంకలో ఉన్న శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ 1784లో దరియా దౌలత్ అనే వేసవి భవనం కట్టించాడు. దాని గోడ మీద 1780 నాటి పొల్లిలూరు యుద్ధం ఉంది, ఈస్టిండియా కంపెనీ సేన ఓడిన యుద్ధం. 1799లో కోట కూలి టిప్పు చనిపోయాక అదే భవనంలో బ్రిటిష్ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ కాపురమున్నాడు. తమ ఓటమిని చిత్రించిన గోడల మధ్య గెలిచినవాడు నివసించడం! ఆ బొమ్మ ముందు నిలబడినప్పుడు గీయించినవాడి కన్ను ఒకటి, తర్వాత రోజూ చూసినవాడి కన్ను ఒకటి, రెంటితోనూ చూడండి.

శాసనాలు చదవాలంటే ఉదయం లేదా సాయంత్రం వెళ్లండి. ఏటవాలు వెలుతురులో అక్షరాల అంచులకు నీడ పడుతుంది, మిట్టమధ్యాహ్నం అవే అక్షరాలు మాయమవుతాయి. సుద్ద రాయడం, నీళ్లు చల్లడం మాత్రం ఎప్పుడూ చేయకండి. నది ఒడ్డున పెంకులు, నాణేలు కనిపించినా జేబులో వేసుకోకండి. ఫొటో తీసి, ఎక్కడ దొరికిందో గుర్తు పెట్టుకుని మ్యూజియంకి చెప్పండి. చోటు నుంచి విడదీసిన వస్తువు సగం మూగబోతుంది, పైగా చాలా దేశాల్లో అది చట్టరీత్యా నేరం.

6. ఇక్కడ లేనిదాన్ని కూడా చూడండి

కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి స్తూపం దగ్గరికి ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1797లో వచ్చేసరికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టడాల కోసం అక్కడి రాళ్లు తీసేస్తున్నారు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి, అక్కడి నుంచి చాలా భాగం లండన్ వెళ్లాయి. ఇప్పుడు ఆ స్తూపం శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, అమరావతిలోని మ్యూజియంలో ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. స్తూపం దగ్గర మాత్రం దిబ్బ, దాని చుట్టూ కొన్ని రాళ్లు. ముందే చెన్నై, లండన్ శిల్పాల ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుని ఆ దిబ్బ చుట్టూ నడిస్తే ఖాళీ చోటు నిండినట్టు అనిపిస్తుంది. ఏ ఊరికైనా ఇదే పద్ధతి. బయల్దేరే ముందు ఆ ఊరి పేరుతో పెద్ద మ్యూజియంల వెబ్‌సైట్లలో వెతకండి, ఊళ్లో కనిపించనివి అక్కడ దొరుకుతాయి.

దీనికి తలకిందులైన ప్రశ్న కూడా ఉంది: పాతవి ఇక్కడ ఎందుకు మిగిలాయి? హోయ్ ఆన్ 15వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా పేరున్న రేవు. థు బోన్ నది పూడుకుపోయి ఓడలు దా నాంగ్‌కు మళ్లాయి. వ్యాపారం పోయింది కాబట్టి పాత ఇళ్లు కూల్చి కొత్తవి కట్టే డబ్బూ, అవసరమూ రాలేదు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ వీధులు ఒక రకంగా పూడిక కాపాడినవి. మీరు చూసే ఊళ్లో ఏది ఆగిపోయిందో కనుక్కోండి. గనా, ఓడల రాకపోకలా, రాజధాని హోదానా? దాని జవాబు దొరికితే ఊరంతా ఒక్కసారిగా అతుక్కుంటుంది.

7. పిల్లలతో వెళ్తే

లేబుళ్లు చదివించకండి, పని అప్పగించండి. మ్యూజియంలో ఒక పడవ భాగం చూసి ఊళ్లో అలాంటిది వెతకమనండి. వరద గీతల్లో తమకన్నా ఎత్తైనవెన్నో లెక్కపెట్టమనండి. ఒక్క వస్తువు బొమ్మ గీయమనండి. పెన్సిలే ఇవ్వండి, పెన్ను చాలా గదుల్లో ఒప్పుకోరు. గంట దాటాక బయటికి తీసుకెళ్లిపోవాలి.

8. చివరి అరగంట మళ్లీ మ్యూజియంలో

మళ్లీ రావచ్చా అని ఫోన్‌లో అడగమన్నది ఇందుకే. పొద్దున అర్థం కాని గొలుసు ముక్క, రేవు దగ్గర కడియం చూసి వచ్చాక పడవ కట్టేసే గొలుసని తెలుస్తుంది. పొద్దున ఎంచుకున్న అయిదింటి దగ్గరికే వెళ్లండి, కొత్తవి వద్దు. ఇంకా జవాబు దొరకని ప్రశ్న ఉంటే కాగితం మీద రాసి, ఫోన్ నంబర్‌తో కౌంటర్‌లో ఇవ్వండి. చిన్న మ్యూజియంలకు ఇలాంటి చీటీలంటే ఇష్టం, వారం తర్వాతైనా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. లేబుల్‌లో తప్పు కనిపించినా అలాగే రాసి ఇవ్వండి. హుండీ ఉంటే ఏదో ఒకటి వేయండి. కప్పు మరమ్మతులు చాలాచోట్ల ఆ డబ్బుతోనే జరుగుతాయి.

ఆ రాత్రే, నిద్రపోయే ముందే, ఫొటోలకు పేర్లు పెట్టుకోండి: వస్తువు, చోటు, ఎదురుగా ఏముంది, నది ఎటు వైపు ఉంది. రెండు రోజులు ఆగితే ఏ రాయి ఏ గోడదో గుర్తుండదు. టికెట్ వెనక తేదీతో పాటు ఆ రోజు నది నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయో కూడా రాసి పెట్టుకోండి.